ట్యూబ్ యాంప్‌కి ఇంట్లోనే లోడ్ బాక్స్ చేసుకుందాం, మొదటి నుంచి చివరి దాకా

15 వాట్లే కదా, ఎంత సౌండ్ వస్తుందిలే అనుకుని ట్యూబ్ యాంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో నడిచే గిటార్ యాంప్లిఫయర్) కొని అపార్ట్‌మెంట్‌లో పెట్టినవాళ్ళకి నా బాధ అర్థమవుతుంది. ఫెండర్ బ్లూస్ జూనియర్ లాంటి చిన్న యాంపే అయినా వాల్యూమ్ 3 దాటితే కింద ఫ్లోర్ ఆంటీ పైకొచ్చేస్తారు, అసలు మజా ఏమో పవర్ ట్యూబులు కాస్త వేడెక్కి నలిగినప్పుడే వస్తుంది, అది 6, 7 దగ్గర గానీ మొదలవ్వదు. దీనికి మందే లోడ్ బాక్స్. స్పీకర్ తీసేసి దాని ప్లేస్‌లో ఈ డబ్బా పెడతాం, యాంప్ ఇచ్చే పవర్ మొత్తం ఇది మింగేసి వేడి చేసేస్తుంది, అందులోంచి చిన్న సిగ్నల్ ఒకటి తీసి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (సౌండ్‌ని కంప్యూటర్‌లోకి పంపే పరికరానికి) ఇచ్చుకుంటాం, హెడ్‌ఫోన్స్‌లో వింటాం. ఎటెన్యుయేటర్ వేరు, అది పవర్ కొంత తిని మిగతాది స్పీకర్‌కి వదులుతుంది. బోస్టన్ బ్యాండ్ టామ్ షోల్జ్ చేసి అమ్మిన పవర్ సోక్ ఆ రకం. మనం చేసేది పూర్తిగా సైలెంట్‌ది.

పార్ట్స్ జోలికి వెళ్ళేముందు ఒక్క విషయం బుర్రలో దిగాలి, ఎందుకంటే కింద నేను చెప్పే ప్రతి వింత నిర్ణయం దీన్నుంచే వస్తుంది. ట్యూబ్ యాంప్‌కి లోడ్, అంటే స్పీకరో ఈ డబ్బానో, ఎప్పుడూ ఊడకూడదు. ట్రాన్సిస్టర్ యాంప్ అయితే స్పీకర్ పీకేసినా ఏం కాదు, వైర్లు షార్ట్ అయితేనే పోతుంది. ట్యూబ్ యాంప్ దానికి రివర్స్, కాసేపు షార్ట్ అయినా చాలాసార్లు తట్టుకుంటుంది కానీ ఓపెన్ అయితే గోవిందా.

కారణం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. రెండు ఈఎల్34 పవర్ ట్యూబులు ఉండే 50 వాట్ల మార్షల్ తరహా యాంప్ తీసుకుంటే, ట్యూబుల వైపు 3400 ఓమ్స్ కనిపించేలా, స్పీకర్ వైపు 8 ఓమ్స్ ఉండేలా చుడతారు. అంటే చుట్ల నిష్పత్తి సుమారు 20కి 1. స్పీకర్ దగ్గర 20 వోల్టులు ఆడుతుంటే ట్యూబుల వైపు 400 పైనే ఆడుతున్నట్టు, అదీ లోడ్ ఉన్నప్పుడు. బావిలోంచి నిండు చేద లాగుతుంటే తాడు పుటుక్కున తెగితే లాగేవాడు వెనక్కి వెళ్ళి ఎక్కడ పడతాడో తెలుసుగా, లోడ్ ఊడిపోయినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పరిస్థితీ అంతే, కాయిల్‌లో ఉన్న ఎనర్జీకి పోయే దారి లేక వోల్టేజ్ వేలల్లోకి ఎగురుతుంది. ఈఎల్34 సాకెట్‌లో 3వ పిన్ను ప్లేటు, పక్కనే 2వ పిన్ను హీటరు, ఆ రెండింటి మధ్య నిప్పురవ్వ లేచిందంటే బేస్ మీద నల్లటి గీత పడుతుంది, ఆ గీతే తర్వాత కరెంటుకి రోడ్డు అయిపోతుంది. ఇంకా ఖర్మ కాలితే ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఇన్సులేషన్ పోతుంది.

నా మొదటి లోడ్ బాక్స్ కథ చెప్తా. బిస్కెట్ల రేకు డబ్బాలో తెల్ల సిమెంట్ రెసిస్టర్లు కొన్ని గాల్లో వేలాడదీసి, కాళ్ళు ఒకదానికొకటి ఆనించి టంకం పెట్టి వాడా. పది నిమిషాలు బానే ఉంది. తర్వాత రెసిస్టర్ కాళ్ళ వేడికి టంకమే మెత్తబడింది. మామూలు 60/40 టంకం 183 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది, సిమెంట్ రెసిస్టర్ని మాడిస్తే కాళ్ళు ఆ దరిదాపులకి వెళ్ళిపోతాయి. జాయింట్ జారింది, హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ టక్కున ఆగింది, అదృష్టం కొద్దీ నా చెయ్యి స్టాండ్‌బై స్విచ్ పక్కనే ఉంది. యాంప్ బతికింది, ఆ డబ్బాలో ఇప్పుడు స్క్రూలు దాస్తున్నా.

లెక్క

పవర్ అంటే వోల్టేజ్ స్క్వేర్ బై రెసిస్టెన్స్, అంతే. 8 ఓమ్స్ మీద 50 వాట్లంటే 20 వోల్టులు, 2.5 ఆంపియర్లు. 100 వాట్లంటే 28 వోల్టులు, 3.5 ఆంపియర్లు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, యాంప్ మీద రాసే 50 వాట్లు క్లీన్ సౌండ్‌కి. ఫుల్ డిస్టార్షన్‌లో వేవ్ నెత్తి చదునైపోయి స్క్వేర్ అయ్యేకొద్దీ అదే యాంప్ ఇంచుమించు డబుల్ దాకా వెళ్ళగలదు. కాబట్టి డబ్బా కనీసం రెండింతలు మోయాలి, నేనైతే ఇంకా ఎక్కువే వేస్తా.

వాడాల్సింది గోల్డ్ కలర్‌లో, పక్కన రెక్కలు, స్క్రూ హోల్స్ ఉండే అల్యూమినియం బాడీ వైర్‌వౌండ్ రెసిస్టర్లు. వాటి మీద 100 వాట్స్ అని ఉంటే సంబరపడకండి, అది పెద్ద హీట్ సింక్‌కి బిగించినప్పటి మాట, ఉత్తిగా గాల్లో పెడితే సగం కూడా మోయవు. వైర్‌వౌండ్ కదా ఇండక్టెన్స్ ఉండదా అని అడుగుతారు, ఉంటుంది, కానీ ఆడియో ఫ్రీక్వెన్సీల్లో లెక్కలోకి రానంత.

ఒకటే 8 ఓమ్స్ రెసిస్టర్ పెట్టొచ్చు. నాలుగు 8 ఓమ్స్‌వి రెండు రెండు సిరీస్, ఆ జతలు ప్యారలల్, అలా కూడా చేస్తారు. నేను మాత్రం 33 ఓమ్స్‌వి నాలుగు, నాలుగూ ప్యారలల్ అంటాను. 33ని నాలుగుతో భాగిస్తే 8.25, మనకి చాలు. లాభం ఏంటంటే ఒకటి కాలి ఓపెన్ అయినా మిగతా మూడూ కలిపి 11 ఓమ్స్ ఉంటాయి, యాంప్‌కి పెద్దగా తేడా తెలియదు. ఒకటే రెసిస్టర్ పెట్టి అది కాలిందనుకోండి, మిగిలేది సున్నా కాదు, అనంతం. 20 వాట్ల లోపు యాంప్‌కి నాలుగూ 50 వాట్లవి, 50 వాట్ల యాంప్‌కి నాలుగూ 100 వాట్లవి తీసుకోండి. 100 వాట్ల యాంప్‌కి మొదటి ప్రయత్నంగా చేయకండి, ఆ వేడి కథే వేరు.

మీ యాంప్‌కి 16 ఓమ్స్ అవుట్‌పుట్ ఒక్కటే ఉంటే 68 ఓమ్స్‌వి నాలుగు పెట్టుకోండి, 17 వస్తుంది. 4, 8, 16 మార్చుకునే స్విచ్ డబ్బాలో పెడదామన్న ఐడియా వస్తుంది చూడండి, వద్దు, స్విచ్ తిప్పేటప్పుడు ఆ మధ్యలో ఓ క్షణం ఓపెన్ అవుతుంది, లోడ్ ఊడకూడదన్న మన నియమానికే అది విరుద్ధం. ఫ్యూజ్ కూడా అదే లెక్క. సేఫ్టీ కోసం లోడ్‌కి సిరీస్‌లో ఫ్యూజ్ పెట్టేవాళ్ళని చూశా, ఫ్యూజ్ పోయిందంటే లోడ్ ఊడినట్టేగా, ఇల్లు కాపాడతాడని దొంగకి తాళం ఇచ్చినట్టుంది.

సామాన్లు

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఓ పూట తిరిగితే అన్నీ దొరుకుతాయి, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు. బయట ఊళ్ళవాళ్ళకి ఆన్‌లైనే. రెసిస్టర్లు కొనేటప్పుడు మల్టీమీటర్ పట్టుకెళ్ళి అక్కడే కొలవండి, పాతిక శాతం తేడా ఉన్నవీ తగిలాయి నాకు.

రెసిస్టర్లు నాలుగు, రెక్కల హీట్ సింక్ ఒకటి, హీట్ సింక్ కాంపౌండ్ ట్యూబు, 1.5 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి వైరు, అంటే ఇంటి వైరింగ్‌లో లైట్లకి వాడేదే, కానీ మల్టీ స్ట్రాండ్ ఉన్నది. లైన్ అవుట్‌కి (ఇంటర్‌ఫేస్‌కి సిగ్నల్ వెళ్ళే చోటికి) ప్లాస్టిక్ బాడీ పి-38 సాకెట్, అంటే గిటార్ కేబుల్ పట్టే 6.35 ఎమ్ఎమ్ సైజుది, ఒకటి, మంచి మెటల్ పి-38 ప్లగ్ ఒకటి, వైరుని కన్నంలో కదలకుండా పట్టే కేబుల్ గ్లాండ్ ఒకటి, 10 కిలో ఓమ్స్ హాఫ్ వాట్ రెసిస్టర్, 1 కిలో ఓమ్ పాట్ (వాల్యూమ్ నాబ్‌లా తిప్పి మార్చుకునే రెసిస్టర్), 600 ఓమ్స్ 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్. చిన్న రింగ్ లగ్గులు, స్ప్రింగ్ వాషర్లు, హీట్ ష్రింక్ స్లీవ్ ఎలాగూ కావాలి.

డబ్బాకి నా ఫేవరెట్ చచ్చిపోయిన కంప్యూటర్ ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే దాని పవర్ సప్లై డబ్బా. 15 సెంటీమీటర్లు బై 14, ఎత్తు 8.6, గాలి కన్నాలు రెడీగా ఉంటాయి, ఫ్యాన్ కూడా ఉంటుంది, రిపేర్ షాపుల్లో ఫ్రీగానే ఇచ్చేస్తారు. కాకపోతే లోపల బోర్డు పీకేటప్పుడు పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా మిగిలి ఉండొచ్చు, ప్లగ్ తీసి ఒకరోజు వదిలేసి, మీటర్‌తో చూసి, అప్పుడే చెయ్యి పెట్టండి. అలాగే మీ యాంప్ లోపల మాత్రం అస్సలు చెయ్యి పెట్టొద్దు, ఈ పని మొత్తానికి యాంప్ విప్పాల్సిన అవసరమే లేదు.

బిగించడం

హీట్ సింక్ చదును వైపు రెసిస్టర్లు పక్కపక్కన పరిచి హోల్స్ మార్క్ చేసుకోండి, మధ్యలో వేలు దూరేంత గ్యాప్ ఉండాలి. డ్రిల్ చేశాక హోల్ చుట్టూ లేచిన అంచు గరుకుని పెద్ద బిట్‌తో చేత్తోనే తిప్పి తీసేయండి, లేకపోతే రెసిస్టర్ చదునుగా కూర్చోదు. కాంపౌండ్ దోశకి నూనె రాసినట్టు పల్చగా రాయాలి, ముద్దలు పెడితే వేడి అక్కడే ఆగిపోతుంది. స్ప్రింగ్ వాషర్ వేసి బిగించండి, వేడెక్కి చల్లారే కొద్దీ మామూలు స్క్రూలు వదులవుతాయి. హీట్ సింక్ రెక్కల మధ్యలోంచి ఫ్యాన్ గాలి దూరేలా పెట్టుకోవాలి, అడ్డంగా కాదు.

వేడి ఎంత వస్తుందో ఊహకి అందాలంటే, 50 వాట్లంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండు డబ్బాలో పెట్టి మూత వేసినట్టు. వాట్‌కి ఒక డిగ్రీ పెరిగే హీట్ సింక్ అయితే 50 డిగ్రీలు ఎక్కుతుంది, మే నెల విజయవాడలో రూమే 42 ఉంటే డబ్బా 92. అందుకే ఫ్యాన్. పాత రౌటర్ 12 వోల్టుల అడాప్టర్‌తో నడుపుకోండి, మైక్ పెట్టి పాడే అలవాటుంటే 9 వోల్టుల అడాప్టర్ పెట్టండి, మెల్లగా, గోల లేకుండా తిరుగుతుంది. ఫ్యాన్ కరెంటు కోసం యాంప్ సిగ్నల్ వాడే సర్క్యూట్లు ఉన్నాయి, ఆ తలనొప్పి వద్దు.

వైరింగ్‌లో నా సిమెంట్ రెసిస్టర్ పాఠం గుర్తుంచుకోండి. వైరుని రెసిస్టర్ ట్యాగ్ కన్నంలోంచి దూర్చి, చుట్టి, ప్లయర్‌తో నొక్కి, గట్టిగా లాగినా ఊడదు అన్నాకే టంకం పెట్టాలి. టంకం లేకపోయినా జాయింట్ నిలబడాలి అన్నమాట. నాలుగు రెసిస్టర్ల ఒక వైపు ట్యాగులన్నీ ఒక వైరుతో, రెండో వైపువన్నీ ఇంకో వైరుతో. ఇన్‌పుట్ వైర్లు రెండూ చెరో వైపు వెళ్తాయి. అంతే సర్క్యూట్, స్కూల్లో సైన్స్ ప్రాజెక్ట్ కంటే సింపుల్.

ఇన్‌పుట్‌కి సాకెట్ పెట్టను నేను. అందరూ పెడతారు, చూడ్డానికి బాగుంటుంది కూడా, కానీ చీప్ పి-38 సాకెట్ స్ప్రింగ్ ఏడాదికే వదులైపోతుంది, కేబుల్‌కి రెండు చివరలుంటే ఊడే చోట్లు రెండు. అందుకని మీటరు పొడవు వైరు గ్లాండ్‌లోంచి డబ్బాలోకి నేరుగా తెచ్చి రెసిస్టర్లకే కలిపేస్తా, బయట చివర ఒక్క ప్లగ్. వైరు స్పీకర్ వైరే అవ్వాలి, గిటార్ కేబుల్ కత్తిరించి వాడకండి, అందులో వెంట్రుక లాంటి వైరు చుట్టూ షీల్డ్ ఉంటుంది, రెండున్నర ఆంపియర్లకి అది తయారుచేసింది కాదు. ఇంకోటి, పక్కన స్పీకర్ కూడా తగిలించుకునేలా ప్యారలల్ సాకెట్ పెట్టొద్దు, రెండు 8లు కలిస్తే 4 అయిపోతుంది.

లైన్ అవుట్

స్పీకర్ అవుట్‌పుట్ నేరుగా ఇంటర్‌ఫేస్‌లో పెడితే ఇంటర్‌ఫేస్ పోతుంది, కాబట్టి తగ్గించాలి. లోడ్ ప్లస్ వైపు నుంచి 10 కిలో ఓమ్స్, దాని తర్వాత 1 కిలో పాట్ పై కాలు, పాట్ కింది కాలు లోడ్ మైనస్‌కి. 20 వోల్టులొస్తే పాట్ ఫుల్‌లో 1.8 వోల్టులు వస్తాయి, 5 వాట్ల బుల్లి యాంప్ అయితే 6.3 వోల్టుల్లోంచి అర వోల్టు పైన, రెండూ ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కి సరిపోతాయి.

పాట్ మధ్య కాలుని నేరుగా సాకెట్‌కి ఇచ్చినా సౌండ్ వస్తుంది, దాంతోపాటు బుయ్ అని హమ్ కూడా వస్తుంది, ఎందుకంటే యాంప్ ఎర్త్ ఒక దారి, ల్యాప్‌టాప్ చార్జర్ ఎర్త్ ఇంకో దారి, రెండూ మీ కేబుల్‌లో కలుస్తాయి. మనవాళ్ళు దీనికి చేసే మొదటి వైద్యం యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పీకేయడం. దయచేసి వద్దండి, 400 వోల్టులు ఆడే మెషిన్ అది, మీ చేతిలో ఉన్న గిటార్ తీగలు దాని చాసిస్‌కే కలిసి ఉంటాయి. పాట్ మధ్య కాలు, మైనస్ రెండూ 1:1 ట్రాన్స్‌ఫార్మర్ ఒకవైపు ఇచ్చి, రెండో వైపు నుంచి సాకెట్‌కి ఇవ్వండి, హమ్ పోతుంది. సాకెట్ ప్లాస్టిక్ బాడీ ఎందుకన్నానో ఇప్పుడు తెలుస్తుంది, మెటల్‌ది పెడితే డబ్బా రేకు ద్వారా ఎర్త్ మళ్ళీ కలిసిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వేస్టు. డబ్బా రేకుని లోడ్ మైనస్‌కి ఒక్క చోట కలపండి.

టెస్టింగ్

ప్లగ్ టిప్‌కీ బాడీకీ మధ్య మీటర్ పెట్టండి, ముందు మీటర్ పిన్నులు రెండూ కలిపి వచ్చే 0.2, 0.3 తీసేసుకుంటే 8.2 దగ్గర రావాలి. 11 వస్తే ఒక రెసిస్టర్ కలవలేదు. ప్లగ్ టిప్‌కీ హీట్ సింక్‌కీ మధ్య 8 ఓమ్స్ కంటే తక్కువ వస్తే ఎక్కడో వైరు రేకుకి తగులుతోంది. వైరు పట్టుకుని ఊపుతూ, డబ్బా తడుతూ చూడండి, రీడింగ్ ఎగరకూడదు, ఎగిరితే ఎంత అలసిపోయినా ఆ రోజే విప్పండి.

యాంప్ పూర్తిగా ఆఫ్. స్పీకర్ ప్లగ్ తీయండి, కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) అయితే లోపలి స్పీకర్ వైరే వెనక్కి వచ్చి ప్లగ్ అయి ఉంటుంది. 8 ఓమ్స్ అని రాసున్న చోట లోడ్ ప్లగ్ క్లిక్ అనేదాకా నెట్టండి. అప్పుడు ఆన్. వాల్యూమ్ 2లో ఐదు నిమిషాలు, ఆఫ్ చేసి హీట్ సింక్ ముట్టుకోండి, గోరువెచ్చగా ఉండాలి. తర్వాత 5లో పది నిమిషాలు, ఈసారి ముట్టుకోవద్దు, ఒక నీటి చుక్క హీట్ సింక్ మీద వేయండి. చుయ్యిమని ఎగిరితే వంద దాటింది, హీట్ సింక్ పెద్దది కావాలి లేదా ఫ్యాన్ తిరగట్లేదు. చల్లారాక మళ్ళీ మీటర్. యాంప్ ఆన్‌లో ఉండగా ప్లగ్ తీయడం, పెట్టడం ఏ సందర్భంలోనూ వద్దు.

ట్రాన్స్‌ఫార్మర్ లోపలినుంచి సన్నగా గిటార్ వినిపిస్తుంది, భయపడకండి, మామూలే. ఇంకో మాట, సౌండ్ లేదు కదా అని రోజుకి నాలుగు గంటలు 10లో పెట్టి వాయిస్తే ట్యూబులు అంతే త్వరగా అరుగుతాయి, లోడ్ బాక్స్ పక్కింటివాళ్ళని కాపాడుతుంది, ట్యూబుల్ని కాదు.

సౌండ్, ఇంకో మెట్టు

ఫస్ట్ టైం వింటే ఏడుపొస్తుంది. తేనెటీగల తుట్టె కదిపినట్టు జుయ్యిమంటుంది, ఎందుకంటే గిటార్ స్పీకర్ 5 కిలో హెర్ట్జ్ పైన దాదాపు అంతా కోసేస్తుంది, ఇక్కడ స్పీకరే లేదు. ఇంటర్‌ఫేస్ తర్వాత కంప్యూటర్‌లో ఐఆర్ లోడర్ పెట్టాలి, ఐఆర్ అంటే ఇంపల్స్ రెస్పాన్స్, స్పీకర్ క్యాబినెట్ సౌండ్‌ని నకలు చేసే ఫైలు, ఇగ్నైట్ యాంప్స్ వాళ్ళ నాడ్‌ఐఆర్ ఫ్రీ, క్యాబినెట్ ఐఆర్‌లు సెలెస్టియన్ వాళ్ళే అమ్ముతారు, ఫ్రీవి కూడా బోలెడు.

అది పెట్టాక కూడా కాస్త చప్పగా, చేతికింద బిగుసుకున్నట్టు ఉంటుంది. 8 ఓమ్స్ స్పీకర్ అన్ని ఫ్రీక్వెన్సీల్లో 8 ఉండదు కదా, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల రెసొనెన్స్ దగ్గర 30, 40 దాకా లేస్తుంది, 400 దగ్గర 7, 8కి దిగుతుంది, పైకి పోయేకొద్దీ మళ్ళీ పెరుగుతుంది. ట్యూబ్ యాంప్ ఆ ఎత్తుపల్లాల్ని ఫాలో అయి బేస్, ట్రెబుల్ ఎక్కువ ఇస్తుంది, మన రెసిస్టర్ ముందు అంతా చదును. ఈక్యూలో 100 దగ్గర, 3 కిలో పైన మూడు నాలుగు డీబీ పెంచితే సగం దూరం వచ్చేస్తారు, చాలామందికి అది చాలు, నేను ఏడాది అలాగే నడిపించా.

చాలదంటే రియాక్టివ్ చేద్దాం, అంటే స్పీకర్‌లాగే ఫ్రీక్వెన్సీని బట్టి ఓమ్స్ మారేలా. ఐదో 33 ఓమ్స్ ప్యారలల్‌లో కలపండి, 6.6 అవుతుంది. దీనికి సిరీస్‌లో మొదటి గుంపు, 10 మిల్లీ హెన్రీ కాయిల్, 200 మైక్రో ఫారడ్ బైపోలార్ కెపాసిటర్, 33 ఓమ్స్ 50 వాట్ల రెసిస్టర్, మూడూ ప్యారలల్. ఇది 112 హెర్ట్జ్ దగ్గర గుట్ట లేపుతుంది. ఆ తర్వాత సిరీస్‌లో రెండో గుంపు, 1 మిల్లీ హెన్రీ కాయిల్, దానికి ప్యారలల్ ఇంకో 33 ఓమ్స్, ఇది ట్రెబుల్ వైపు ఎత్తుతుంది, 5 కిలో హెర్ట్జ్ దగ్గర మొత్తం 28 ఓమ్స్ దాకా వస్తుంది. గమనించారా, సిరీస్ అయినా ప్రతి గుంపులో కనీసం రెండు దారులున్నాయి, ఒకటి పోయినా లోడ్ ఊడదు. లైన్ అవుట్ మాత్రం మొత్తం గొలుసు రెండు చివరల నుంచే, అంటే ఇన్‌పుట్ దగ్గరే.

కాయిల్స్ స్పీకర్ క్రాస్‌ఓవర్‌వి కొనండి, కనీసం 4 ఆంపియర్లు మోసేవి, 10 మిల్లీ హెన్రీది ఐరన్ కోర్ అయినా పర్లేదు, 1 మిల్లీ హెన్రీది ఎయిర్ కోర్. కెపాసిటర్లు 100 వోల్టుల 100 మైక్రోవి రెండు ప్యారలల్. మామూలు ప్లస్ మైనస్ ఉండే ఎలక్ట్రోలిటిక్ పెడితే ఉబ్బి పేలుతుంది. బోరు మోటార్ స్టార్టర్ డబ్బాలో ఉండే 100 మైక్రో స్టార్ట్ కెపాసిటర్ మీద కూడా కన్ను పడుతుంది, నాకూ పడింది, అది మోటార్ ఎత్తుకునే ఆ రెండు మూడు సెకన్లకే, గంటల తరబడి వాయిస్తే తట్టుకోదు. రెండు కాయిల్స్ ఒకదానికొకటి అడ్డంగా, ఎల్ ఆకారంలో పెట్టండి, ఎయిర్ కోర్‌ది ఎస్‌ఎమ్‌పీఎస్ ఇనప రేకుకి ఆనిస్తే వాల్యూ మారిపోతుంది, చెక్క ముక్క మీద ఎత్తి బిగించండి.

ఇదంతా అయ్యాక ప్లగ్ దగ్గర మీటర్ పెడితే 7.2, 7.5 అలా చూపిస్తుంది, 8 లేదేంటని కంగారు పడి విప్పకండి, మీటర్ కొలిచేది డీసీ, 6.6కి కాయిల్స్‌లో ఉన్న రాగి తోడైంది అంతే. 8 ఓమ్స్ గిటార్ స్పీకర్‌కి మీటర్ పెట్టినా మామూలుగా 8 కంటే తక్కువే, 6, 7 దగ్గరే చూపిస్తుంది.